ఎలక్ట్రిక్ కారు బ్రేక్ మెత్తగా లోపలికి పోతాందా? షెడ్డుకు పోకముందే ఇంటికాడ చూసుకోవాల్సినవి

మా అనంతపురం పక్క ఎలక్ట్రిక్ కార్లు బాగానే తిరుగుతాండాయి ఇప్పుడు, వాటితో పాటే బ్రేక్ తొక్కితే కాలు మెత్తగా లోపలికి పోతాందప్పా అనే మాట కూడా ఎక్కువ వినపడతాంది, అడిగినోళ్లలో శానామంది మొదటి అనుమానం బ్యాటరీ మీదనో సాఫ్ట్‌వేర్ మీదనో పెడతారు. ముందు ఆ భయం తీసేయండి. పెట్రోల్ బండైనా కరెంటు బండైనా మామూలుగా పెడల్ వెనక ఉండేది తొక్కిన బలాన్ని ఆయిల్ ప్రెషర్ చేసే అదే మాస్టర్ సిలిండర్, అదే బ్రేక్ ఆయిలు, అవే పైపులు, డిస్కును ప్యాడ్లతో పట్టి బిగించే అవే క్యాలిపర్లు. పెడల్ మెత్తబడిందంటే శానా వరకు ఆ ఆయిల్ లైన్లో యాడనో గాలి చేరి ఉంటాది, లేదంటే ఆయిల్ కారుతాంటాది, లేదంటే పాతబడి నీళ్లు పట్టి ఉంటాది, అదీ కాకపోతే వెనక డ్రమ్ముల్లో లైనర్లు, అంటే డ్రమ్‌ను లోపలినుంచి రుద్ది ఆపే పట్టీలు, దూరంగా ఉండిపోయి ఉంటాయి. మోటారు జోలికి పోవాల్సిన పనే లేదు.

ఒక్క విషయంలో మాత్రం కరెంటు బండి వేరే, డేంజర్ కూడా అక్కడే ఉంది. కాలు ఎత్తితే చాలు మోటారే జనరేటర్ మాదిరి తిరిగి బండిని ఆపుతాంది కదా, ఆ రీజెన్ వల్ల సప్తగిరి సర్కిల్ ట్రాఫిక్‌లో పొద్దంతా తిరిగినా నిజమైన బ్రేక్ మీద గట్టిగా కాలు పెట్టే పని పెద్దగా పడదు. అంటే బ్రేక్ పాడైనా మీకు తెలీదు, రీజెన్ దాన్ని కప్పిపెడతాంది, తీరా హైవే మీద గుత్తి దాటినాక ఎనుము అడ్డం వచ్చిన రోజు గట్టిగా తొక్కితే అప్పుడు బయటపడతాది. అందుకే పెడల్‌లో కొంచెం తేడా అనిపించినా తర్వాత చూద్దాంలే అని వదిలేయొద్దు.

ఇంకో తికమక కూడా ఇక్కడే తీర్చేస్తాను. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పొద్దున 100 శాతంతో బయల్దేరితే కాలు ఎత్తినప్పుడు బండి రోజూ ఆగినట్టు ఆగదు, జారిపోతాన్నట్టు ఉంటాది. అది బ్రేక్ పోవడం కాదు, బ్యాటరీ నిండిపోయింది కాబట్టి రీజెన్ కరెంటు పెట్టుకోవడానికి లోపల చోటు లేదు, అందుకని బండే రీజెన్ తగ్గిస్తాంది, కొంచెం ఛార్జ్ దిగితే మామూలైపోతాది. కాబట్టి మీరు చూడాల్సింది కాలు ఎత్తినప్పుడు ఏమైందని కాదు, కాలు పెట్టినప్పుడు పెడల్ ఎంత లోపలికి పోయింది, అడుగున గట్టిగా నిలబడిందా లేదా అని.

పెడల్ రాయి మాదిరి గట్టిగా అయిపోయి ఎంత తొక్కినా బండి ఆగకపోతే అది వేరే జబ్బు, దాన్ని దీంతో కలపొద్దు. పెట్రోల్ ఇంజిన్, కాలి బలాన్ని పెంచిపెట్టే బ్రేక్ బూస్టర్‌కి వ్యాక్యూమ్ ఇస్తాది, మోటారు ఇవ్వదు, అందుకని కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో దానికని విడిగా ఒక కరెంటు వ్యాక్యూమ్ పంపు పెట్టినారు, కొత్త వాటిలో అసలు వ్యాక్యూమ్ లేకుండా చిన్న మోటారుతోనే నెట్టే బూస్టర్ వస్తాంది, 2022లో వచ్చిన నెక్సాన్ ఈవీ మ్యాక్స్‌లో ఉన్నది ఆ రకమే. ఏ రకమైనా సరే బూస్టర్ పోతే పెడల్ గట్టిపడతాది, మెత్తబడదు. షెడ్డులో ఎవరైనా పెడల్ మెత్తగా ఉంది కాబట్టి బూస్టర్ మార్చాలి అంటే ఎందుకు అని ఒక మాట అడగండి, అది శానా ఖరీదైన పార్టు.

సరే, ఇంటిముందర చదునైన చోట బండి పెట్టి, టైర్ల కింద రాళ్లు పెట్టి, మొదట కాలికింద మ్యాట్ తీసి బయట పడేయండి. మన దుమ్ముకు కంపెనీ మ్యాట్ మీద ఇంకో రబ్బర్ మ్యాట్ వేసుకోవడం అందరికీ అలవాటు, పెడల్ దాన్ని తాకి ఆగితే అడుగుదాకా పోయిందా లేదా అనేదే తెలీదు.

బండి పూర్తిగా ఆఫ్ చేసి పెడల్‌ని ఐదారు సార్లు వరసగా తొక్కండి. బూస్టర్‌లో మిగిలిన సాయం అయిపోయి పెడల్ గట్టిపడాలి. ఇప్పుడు గట్టిగా, కానీ కుదుపు లేకుండా, కాలు అట్లనే అదిమిపెట్టి ఒక నిమిషం ఉండండి. పెడల్ కదలకుండా నిలబడితే లైన్ ప్రెషర్ పట్టుకుంటాంది అని అర్థం. కాలి కింద నెమ్మదిగా జారిపోతా దిగుతాంటే మాత్రం రెండే కారణాలు, బయట యాడనో ఆయిల్ కారుతాండాలి, లేదంటే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బర్లు అరిగి ఆయిల్ వెనక్కి తప్పించుకుంటాండాలి. ఇదే పరీక్ష బండి ఆన్‌లో ఉండగా చేస్తే బూస్టర్ బలం వల్ల కొంచెం దిగినట్టు అనిపించడం మంచి బండ్లలో కూడా ఉంటాది, అది చూసి కంగారు పడొద్దు, ఆఫ్‌లో చేసిన పరీక్షనే నమ్మండి. తర్వాత కాలు అదిమి పెట్టే ఉండి బండి ఆన్ చేసి రెడీ లైట్ రానీండి, మామూలు బూస్టర్ బండ్లలో పెడల్ ఒక్క అర అంగుళమో ఎంతో కిందికి దిగి ఆగితే బూస్టర్ బాగున్నట్టే.

రెండో పరీక్ష పంపింగ్. మొదటిసారి తొక్కితే లోతుకు పోయి, వెంటనే రెండోసారి మూడోసారి తొక్కితే పైకొస్తాంటే రెండు రకాలు ఉంటాయి. పైకొచ్చినాక కూడా మెత్తగానే, ఎగదన్నతాన్నట్టు ఉంటే లైన్లో గాలి ఉంది. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కినట్టు ఉంటాది చూడండి, అదే ఫీలింగు. పైకొచ్చినాక గట్టిగా బాగానే ఉంటే గాలి కాదు, వెనక డ్రమ్ లైనర్లు దూరంగా ఉండాయి, లేదా డిస్కు వంకర తిరగడం వల్లనో వీల్ బేరింగ్ ఆట వల్లనో ప్యాడ్లు వెనక్కి పోతాండాయి. హ్యాండ్ బ్రేక్ లివర్ ఉన్న బండైతే అది కూడా మునుపటి కంటే ఎక్కువ పళ్లు పైకి వస్తాందా చూడండి, వస్తాంటే డ్రమ్ముల మీద అనుమానం ఇంకా గట్టిపడతాది.

ఇప్పుడు బానెట్ ఎత్తండి. నారింజ రంగు లావు కేబుళ్లు కనపడతాయి, అవి హై వోల్టేజ్, వాటిని ముట్టుకోవద్దు, వాటి క్లిప్పులు ఊడదీయొద్దు, వాటి మీద నీళ్లు కొట్టొద్దు. బ్రేక్ పనికి వాటితో పని లేదు. డ్రైవర్ ఎదురుగా ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఆయిల్ లెవెల్ చూడండి, మిన్, మ్యాక్స్ గీతలు ఉంటాయి. ప్యాడ్లు అరిగే కొద్దీ లెవెల్ కొంచెం కొంచెం దిగడం సహజం, అయితే ఎలక్ట్రిక్ కారులో ప్యాడ్లు పెట్రోల్ బండి అంత తొందరగా అరగవు కాబట్టి లెవెల్ గబగబా దిగిందంటే ప్యాడ్ల మీదికి తోసేయొద్దు, కారుతాంది అనే అనుకోండి. ఊరికే పైకి పోసి మూత పెట్టేయడం అన్నిటికంటే చెడ్డ రిపేరు, లెవెల్ నిండింది కదా అని ధైర్యమొస్తాది, కారడం మాత్రం ఆగదు.

కారే చోటు వెతకడం టార్చి పని. నాలుగు చక్రాల లోపలి పక్క, టైరు గోడ, క్యాలిపర్ కింద తడి ఉందా చూడండి. మన రోడ్ల మీద ఇది కనుక్కోవడం ఒక విధంగా సులువే, బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల పక్క నాపరాయి దుమ్ములో తిరిగిన బండైతే అంతా తెల్లగా పొడి పూసి ఉంటాది, ఆయిల్ తగిలిన చోట మాత్రం నల్లగా ముద్ద కట్టి అతుక్కొని ఉంటాది. వెనక డ్రమ్ములైతే లోపల వీల్ సిలిండర్ రెండు కొసలకు రబ్బర్ టోపీలు ఉంటాయి, డ్రమ్ ఊడదీసినాక ఆ టోపీ అంచును గోటితో మెల్లగా ఎత్తి చూడండి, లోపల పొడిగా ఉండాల, లేదా మహా అయితే చెమట పట్టినట్టు ఉండొచ్చు, ఎత్తగానే చుక్క జారి వేలి మీద పడిందంటే ఆ సిలిండర్ అయిపోయింది. లైనర్లకు ఆయిల్ అంటుకోనుంటే కడిగి వేసుకోవడం కుదరదు, మార్చాల్సిందే, ఒక పక్కదే కాదు రెండు పక్కలవీ. బయట యాడా తడి లేకుండా లెవెల్ దిగుతాంటే మాస్టర్ సిలిండర్ వెనక నుంచి బూస్టర్ లోపలికి పోతాందేమో చూపించుకోండి. రబ్బర్ హోస్‌లు కూడా చూడండి, ఎవరినైనా బ్రేక్ తొక్కమని హోస్ మీద చెయ్యి పెడితే ఉబ్బకూడదు.

బ్రేక్ ఆయిల్ సంగతి కొంచెం ఎక్కువే చెప్పాల. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఈ మూడు గ్రేడ్లూ గాలిలో తేమను పీల్చుకునే రకాలు. కొత్త డాట్ 4 తక్కువలో తక్కువ 230 డిగ్రీల దాకా మరగకూడదని రూలు, అదే ఆయిల్‌కి 3.7 శాతం నీళ్లు పట్టినాక ఆ లెక్క 155కి పడిపోతాది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నొక్కుకుపోతాది, పెడల్ మెత్తగా లోపలికి పోతాది, కాసేపు ఆపి చల్లారినాక ఏమీ ఎరగనట్టు మళ్లీ బాగైపోతాది. రాయచోటి నుంచి కడపకు వస్తా గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడో, శ్రీశైలం ఘాట్‌లోనో మెత్తబడి ఇంటికొచ్చేసరికి బాగైన బ్రేకులన్నిటికీ మొదటి అనుమానం ఇదే. పైన గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగినప్పుడు బాగుండి కింద కడప పక్క మెత్తబడిందని చెప్పినా నమ్మాల్సిందే.

ఎలక్ట్రిక్ కారు ఘాట్ దిగేటప్పుడు రీజెన్ సగం పని చేస్తాది కాబట్టి బ్రేకులు అంత వేడెక్కకూడదు. అయినా వేడెక్కినాయంటే ఆయిల్ ముసలిదైంది, లేదా ఏదో ఒక క్యాలిపర్ వదలకుండా పట్టుకొనే ఉంది, లేదా కొండ మీద ఛార్జింగ్ ఫుల్ చేసుకొని బయల్దేరినారు. తిరుమల లాంటి చోట పైన ఛార్జింగ్ దొరికినా 100కి నింపుకోవద్దండి, 80 కాడ ఆపితే దిగేటప్పుడు రీజెన్‌కు చోటుంటాది, కరెంటు కూడా ఊరికే వస్తాది.

మాది కరువు సీమ, గాలిలో తేమే లేదు, ఆయిల్‌కి నీళ్లు యాడనుంచి వస్తాయి అనే లాజిక్ ఒకటి నడుస్తాంది. వస్తాయి. రబ్బర్ హోస్‌ల గుండా, డబ్బా మూతకుండే సన్న రంధ్రం గుండా ఏడాది పొడుగునా కొంచెం కొంచెం పోతానే ఉంటాయి, మూత తీసిన ప్రతిసారీ ఇంకొంచెం. బండి తిరిగిన కిలోమీటర్లు చూసి కాదు, తేదీ చూసి మార్చాల, మామూలుగా రెండేళ్లు అంటారు, మీ మాన్యువల్‌లో వేరే ఉంటే అది. నీళ్లు కొలిచే పెన్ను మాదిరి టెస్టర్ షెడ్డుల్లో ఉంటాది, 3 శాతం చూపిస్తే మార్చేయడమే. రంగు కూడా కొంత చెప్తాది, కొత్తది తేనె రంగులో పలచగా ఉంటాది, ముదిరిన టీ డికాషన్ రంగు వచ్చినాక ఇంగ పరీక్ష కూడా అవసరం లేదు. డాట్ 5 అని సిలికాన్ రకం ఒకటుంది, పేరు 5.1కి దగ్గరగా ఉందని దాన్ని పోయొద్దు, వీటితో అస్సలు కలవదు.

గాలి తీయడం, అదే బ్లీడింగ్, ఇద్దరు మనుషుల పని. మొదలుపెట్టే ముందు మీ బండి మాన్యువల్‌లోనో సర్వీస్ వాళ్ల కాడనో ఒక్కటి కనుక్కోండి, దీనికి చేత్తో బ్లీడింగ్ చేయొచ్చా, బండి కంప్యూటర్‌కి తగిలించే స్కాన్ టూల్ పెట్టాలా అని. కరెంటు బూస్టర్ బండ్లలో, ముఖ్యంగా పెడల్‌కీ క్యాలిపర్‌కీ మధ్య అంతా ఒకే డబ్బాలో పెట్టేసిన కొత్త వాటిలో, సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా పని చేస్తే గాలి పూర్తిగా రాదు. కొన్ని బండ్లలో డోర్ తీసినా కీ దగ్గరికొచ్చినా బ్రేక్ సిస్టమ్ దానంతట అదే మేల్కొంటాది, వేళ్లు క్యాలిపర్‌లో ఉండగా ప్యాడ్లు బిగిస్తే ఏమైతాదో చెప్పక్కర్లేదు, అందుకే కీ ఇంట్లో దూరంగా పెట్టి రండి. కరెంటు పార్కింగ్ బ్రేక్ ఉంటే వెనక క్యాలిపర్ పని కూడా టూల్‌తోనే. వారంటీలో ఉన్న బండైతే నట్టు కూడా తిప్పకుండా సర్వీస్‌కి తీసుకుపోవడమే మేలు.

చేత్తో చేయొచ్చు అంటే ఇట్ల. జాకీ పెట్టేటప్పుడు గుర్తు పెట్టిన చోటే పెట్టండి, కింద అంతా బ్యాటరీ పెట్టె, దానికి జాకీ తగిలిందంటే బ్రేక్ ఖర్చు కాదు ఇంగ అది. స్టాండ్లు లేకుండా ఒట్టి జాకీ మీద పని వద్దు, ఎలక్ట్రిక్ కార్లు బరువెక్కువ. ప్రతి చక్రం కాడ గాలి వదలడానికి ఉండే చిన్న స్క్రూనే నిపుల్. నిపుల్‌కి సరైన సైజు రింగ్ స్పానర్ వేయండి, ఫిక్స్ స్పానర్ వేస్తే మూలలు అరిగిపోతాయి, తుప్పు పట్టి ఉంటే ముందురోజే రస్ట్ స్ప్రే కొట్టి పెట్టండి. నిపుల్‌కి సన్న ట్రాన్స్‌పరెంట్ ట్యూబు తగిలించి, దాని కొస సీసాలో కొంచెం కొత్త ఆయిల్ పోసి అందులో మునిగేట్టు పెట్టండి. లోపల కూర్చున్న మనిషి నెమ్మదిగా తొక్కి పట్టుకుంటాడు, మీరు నిపుల్ అర చుట్టు వదుల్తారు, ఆయిల్ వస్తాది, పెడల్ కిందికి పోతాది, మీరు బిగించి "ఆఁ" అన్నాకే ఆయన కాలు తీయాల. ఈ వరస తప్పి ముందే కాలు తీస్తే ట్యూబులో గాలి వెనక్కి లాగేస్తాది, చేసిన పనంతా మళ్లీ మొదటికే. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టుకోండి, పాత బండిలో పెడల్ ఎప్పుడూ పోనంత అడుగుకు పోతే మాస్టర్ సిలిండర్ లోపల తుప్పు పట్టిన భాగం మీద రబ్బర్లు రుద్దుకొని చిరుగుతాయి.

ట్యూబును కన్నార్పకుండా చూడండి. మొదట నల్లటి ఆయిల్, అందులో ఆవగింజంత బుడగలు వరసగా వస్తాయి, మధ్యలో ఒక పెద్ద బుడగ వచ్చి ఆగుతాది, మళ్లీ తొక్కిస్తే కదులుతాది, చివరికి తేనె రంగు ఆయిల్ ఒక్క చుక్క గాలి లేకుండా వస్తాది, అప్పుడు ఆ చక్రం అయినట్టు. రైట్ హ్యాండ్ స్టీరింగ్ కాబట్టి మామూలుగా వెనక ఎడమ, వెనక కుడి, ముందర ఎడమ, ముందర కుడి, అంటే దూరం నుంచి దగ్గరికి, కానీ కంపెనీ వేరే వరస చెప్తే అదే చేయండి. మధ్యమధ్యలో డబ్బా నింపుతాండాల, అది ఖాళీ అయితే గాలి మాస్టర్ సిలిండర్‌లోకి, అక్కడినుంచి చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోకి పోతాది, ఏబీఎస్‌లో పట్టిన గాలి టూల్ పెట్టి లోపలి వాల్వులు ఆడిస్తే గానీ రాదు. లీటరు సీలు తీయని ఆయిల్ ఉంటే మామూలుగా సరిపోతాది, ఎప్పుడో తీసి సగం వాడి మూల పెట్టిన సీసా వద్దు, సీసాలోకి వచ్చిన ఆయిల్ తిరిగి పోయొద్దు. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింట్ లేచిపోతాది.

ఈమధ్యనే క్యాలిపర్లు మార్పించి అప్పటినుంచి మెత్తగా ఉంటే ఒక్కసారి నిపుల్ యాడ ఉందో చూడండి. నిపుల్ పైపక్క ఉండాల. ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించేసి ఉంటే నిపుల్ కిందికి వస్తాది, గాలేమో పైన చేరుతాది, ఎన్ని సీసాలు పోసినా రాదు.

బ్లీడింగ్ బాగా చేసినా ఇంకా మెత్తగానే ఉంటే క్యాలిపర్ పిన్నులు చూడండి. ఎలక్ట్రిక్ కారులో బ్రేక్ పని తక్కువ కాబట్టి ఇవి కదలకుండా ఉండి ఉండి పట్టేస్తాయి, దానికి తోడు మన దుమ్ము. పిన్ను పట్టేస్తే ప్యాడ్ ఒక పక్క ఏటవాలుగా అరుగుతాది, తొక్కిన బలం క్యాలిపర్‌ని వంచడానికే పోతాది, పెడల్ మెత్తగా అనిపిస్తాది. పిన్ను తీసి శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజే పెట్టండి, మామూలు గ్రీజు పెడితే రబ్బర్ ఉబ్బుతాది. డ్రమ్ముల్లో అడ్జస్టర్ కూడా అంతే, కొన్ని బండ్లలో బ్రేక్ వాడితేనే అది తిరుగుతాది, వాడకపోతే అక్కడే తుప్పు పట్టి కూర్చుంటాది, శుభ్రం చేసి చేత్తో తిప్పి లైనర్ దగ్గరికి తేవాల. వారంలో ఒకటి రెండు సార్లు ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకొని, రీజెన్ లెవెల్ జీరోలో పెట్టి కొంచెం గట్టిగా బ్రేక్ వేస్తాంటే డిస్కుల తుప్పు పోతాది, ఇవన్నీ కదులుతాంటాయి, పెడల్ ఎట్లుందో మీకూ తెలుస్తాంటాది.

దారిలో పెడల్ అడుగుకు పోతే గబగబా పంపింగ్ చేయండి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేయండి, రీజెన్ ఎక్కువలో పెట్టండి, కంగారులో న్యూట్రల్ వేయొద్దు, న్యూట్రల్ వేస్తే ఉన్న ఒక్క రీజెన్ కూడా పోతాది. లివర్ హ్యాండ్ బ్రేక్ అయితే మెల్లమెల్లగా లాగండి, బటన్ రకం అయితే పట్టుకొనే ఉంటే శానా బండ్లు వాటంతట అవే అదుపులో ఆపుతాయి. లైన్లు రెండు భాగాలుగా ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది కొంత ఆపుతాది, బండి ఒక పక్కకు లాగొచ్చు, స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి. ఆగినాక మళ్లీ నడపొద్దు, తాడు కట్టి లాగించొద్దు, చక్రాలు తిరిగితే మోటారు కూడా తిరుగుతాది, నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ పిలిపించండి.

పని అంతా అయినాక బండి కదిలించక ముందే ఆఫ్‌లో పెట్టి నిమిషం పాటు అదిమే పరీక్ష మళ్లీ చేయండి, వీల్ నట్లు బిగించుకొని ఖాళీ మైదానంలో నడక స్పీడులో నాలుగైదు సార్లు ఆపి చూసి, తర్వాతే రోడ్డెక్కండి. మర్నాడు పొద్దున డబ్బా లెవెల్ ఒకసారి, నిపుల్స్ కాడ తడి ఒకసారి చూసుకోండి. ఆ పరీక్షలో ఇంకా జారుతాంటే, బయట తడి లేకపోతే, ఇంగ ఆయిల్ పోస్తా కూర్చోకుండా మాస్టర్ సిలిండర్ మార్పించడానికి పోండి, పోయినప్పుడు పెడల్ మెత్తగా ఉంది అని ఊరికే చెప్పకుండా ఆఫ్‌లో నిమిషం పట్టుకుంటే దిగుతాంది, బయట లీకు లేదు, బ్లీడింగ్ అయింది అని ఈ మూడు మాటలూ చెప్పండి, జాబ్ కార్డులో రాయించండి కూడా.